పెద్దపీట దిగిన విశ్వాసం

తెలుగు పాఠకులకు ధర్మపురి అనగానే గోదావరి ఒడ్డు, నరసింహస్వామి గుడి గుర్తుకొస్తాయి. ఇక్కడ చెప్పబోయేది సేలం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో ఉన్న తమిళనాటి ధర్మపురి గురించి. ఒకప్పుడు దాని పేరు తగడూరు. సంగం కవులు పాడిన అదియమాన్ ఏలిన నేల. తర్వాతి కాలంలో మన మడకశిర పక్కనున్న హేమావతిని రాజధానిగా చేసుకున్న నొళంబుల చేతికి వచ్చింది. 1792లో టిప్పు సుల్తాన్ ధర్మపురి కూడా ఉన్న బారామహల్‌ను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, రాయలసీమ ఇప్పటికీ మరిచిపోని థామస్ మన్రో శిస్తు లెక్కల్లో ఓనమాలు దిద్దుకున్నదీ ఈ సీమలోనే. తమిళంతో పాటు తెలుగు, కన్నడం వీధుల్లో వినిపించే జిల్లా. క్రైస్తవులు ఇక్కడ కొద్దిమందే. సేలం నుంచి విడదీసి కాథలిక్కులకు ప్రత్యేక మేత్రాసనం ఏర్పరచింది 1997లో. సేలం దాటితే పెరియార్ పుట్టిన ఈరోడు. దేవుడు లేడని పీఠం మీదే చెక్కించుకున్న పెరియార్ విగ్రహాలు తమిళనాట కూడలి కూడలికీ కనిపిస్తాయి. అంటే ఇక్కడి సంశయవాది చాటుమాటుగా బతకడు. అతనికి ఒక సంప్రదాయం ఉంది, పుస్తకాలున్నాయి, గౌరవం కూడా ఉంది. అలాంటి వాడి ముందు నిలబడి ‘చిన్నబిడ్డలా నమ్ము’ అని సువార్త చెప్పే మాట ఎంత మేరకు నిలుస్తుంది? ఈ కథనం తేల్చుకోవాలనుకుంటున్నది అదే.

సంశయవాది ఆ మాట వినగానే నవ్వడానికి కారణం ఉంది. పసివాడంటే ఏది చెప్పినా నమ్మేవాడని అతని లెక్క. పెద్దవాణ్ణి పసివాడివి కమ్మనడం అంటే బుద్ధిని తాకట్టు పెట్టమనడమే కదా అంటాడు. 1877లో ఇంగ్లండ్ గణితవేత్త విలియం క్లిఫర్డ్ ఈ అభ్యంతరాన్ని నైతిక సూత్రంగానే రాశాడు: చాలినంత ఆధారం లేకుండా దేన్నైనా నమ్మడం తెలివితక్కువతనంతో ఆగదు, తప్పు కూడా అవుతుందని. ఓడ పాతబడిందని తెలిసీ, ఏం కాదులే అని సర్దిచెప్పుకుని జనాన్ని సముద్రం మీదికి పంపిన యజమాని అతని ఉదాహరణ. ఆ వాదానికి బలం ఉంది. దాన్ని తేలిగ్గా తోసేసే బోధకులంటే నాకు పెద్దగా గురి లేదు. అయితే ఈ అభ్యంతరమంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. చిన్నబిడ్డ అంటే గుడ్డిగా నమ్మేవాడని, సువార్త మెచ్చుకున్నది ఆ గుడ్డితనాన్నేనని. ఈ రెండింటిలో ఏదీ పరీక్షకు ఆగదు.

మొదటిది మనస్తత్వ శాస్త్రం తేల్చిన సంగతి. 2004లో మెలిస్సా కోనిగ్, ఫాబ్రిస్ క్లెమాఁ, పాల్ హారిస్ కలిసి మూడు, నాలుగేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. పిల్లల ముందు ఇద్దరు మనుషులు తెలిసిన వస్తువులకే పేర్లు చెబుతారు. ఒకరు సరిగ్గా, ఒకరు తప్పుగా. తర్వాత పిల్లలు ఎన్నడూ చూడని వస్తువును తెచ్చి దాని పేరేమిటో ఎవరినడుగుతారో చూశారు. ఎవరు సరైనవారో, ఎవరు కాదో గుర్తుపట్టిన పిల్లలు ఇందాక సరిగ్గా చెప్పినవారివైపే మొగ్గారు. పసివాడు చెప్పే మాటను తూచలేకపోవచ్చు, చెప్పే మనిషిని మాత్రం తూస్తాడు. తనంతట తాను పరీక్షించలేని విషయంలో ఎవరి మాట పట్టుకోవాలో వెతుక్కుంటాడు. పెద్దవాళ్లమైన మనం చేసేదీ అంతకన్నా భిన్నం కాదు. భూమి వయసు, వైరస్ రూపం, తాతగారి పుట్టిన ఊరు, ఇవేవీ మనం స్వయంగా నిర్ధారించుకున్నవి కావు. క్లిఫర్డ్ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే తల్లి పేరు చెప్పడానికి కూడా నోరు రాదు. కనుక సాక్ష్యాన్ని నమ్మడమా మానడమా అనే పోటీ అసలు లేదు. సాక్షిని ఎలా తూచాలన్నదే ప్రశ్న. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ ఉన్నాడని లూకా రాశాడు. పౌలు కొరింథీయులకు రాస్తూ, చెడుతనంలో పసివాళ్లుగా ఉండండి గానీ ఆలోచనలో పెద్దవాళ్లు కావాలన్నాడు. బుద్ధి తాకట్టు పెట్టమన్న వాళ్ల మాటల్లా ఇవి లేవు.

మరి సువార్త మెచ్చుకున్నదేమిటి? మత్తయి పద్దెనిమిదో అధ్యాయం తెరిస్తే, శిష్యులు అడిగిన ప్రశ్న నమ్మకం గురించి కానే కాదు. పరలోక రాజ్యంలో ఎవడు గొప్పవాడన్నది వాళ్ల ప్రశ్న, అంటే ఎవరికి పెద్దపీట అని. దానికి జవాబుగా యేసు ఒక బిడ్డను పిలిచి మధ్యలో నిలబెట్టాడు. ఆనాటి ప్రపంచంలో బిడ్డకు ఉన్న స్థానం తెలిస్తే తప్ప ఆ చేష్ట పదును అర్థం కాదు. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన ఒక పాపిరస్ ఉత్తరం ఉంది, క్రీస్తుపూర్వం 1 నాటిది. పనికోసం అలెగ్జాండ్రియా వెళ్లిన హిలారియన్ అనే అతను గర్భవతి అయిన భార్యకు రాశాడు: మగబిడ్డ అయితే ఉండనివ్వు, ఆడబిడ్డ అయితే పారెయ్యి అని. అదే ఉత్తరంలో తమ చిన్నవాణ్ణి జాగ్రత్తగా చూసుకోమని, తాను భార్యను మరిచిపోలేదని కూడా ఉంది. కసాయివాడేం కాదు, మామూలు మనిషి. ఆ మామూలుతనమే భయపెడుతుంది. బిడ్డ అంటే తండ్రి ఎత్తుకుంటేనే బతికే ప్రాణి. హక్కు లేదు, వాటా లేదు, అడిగే నోరు లేదు. అలాంటి ప్రాణిని చూపించి ‘ఇలా మారండి’ అనడంలో అమాయకత్వం ప్రసక్తి తక్కువ. అర్హత పత్రం చేతపట్టుకోకుండా, ఇచ్చింది పుచ్చుకునే స్థితికి దిగిరమ్మన్న పిలుపు అది.

ధర్మపురికి ఈ పాఠం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ఆడశిశువుల హత్యలకు ఒకప్పుడు అపకీర్తి మోసిన జిల్లాల్లో ఇదొకటి. 1992లో జయలలిత ప్రభుత్వం సేలంలో ‘తొట్టిల్ కుళందై’ పథకం మొదలుపెట్టింది. ఆడపిల్ల వద్దనుకున్నవాళ్లు చంపకుండా ప్రభుత్వం పెట్టిన ఊయలలో వదిలిపోవచ్చు. 2001లో దాన్ని ధర్మపురికీ విస్తరించారు. ఆ ఏడాది జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 826 మంది. 2011 నాటికి ఆ సంఖ్య 900 దాటింది. ఊయల పథకం మీద విమర్శలూ ఉన్నాయి, వదిలేయడాన్నే మామూలు చేసిందని. ఆ చర్చ వేరు. ఊయలలు పెట్టింది ప్రభుత్వం, దాని పుణ్యం చర్చి ఖాతాలో వేసుకోవడం కుదరదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పుట్టిన క్షణంలోనే ‘ఈ ప్రాణికి స్థానం ఉందా’ అని తూచే అలవాటు ఇక్కడ నిన్నమొన్నటిది. హిలారియన్ ఉత్తరం ఇక్కడ పురావస్తువు కాదు. అలాంటి చోట దేవుడి రాజ్యానికి నమూనా పౌరుడు ఆ బిడ్డేనని చెప్పడం జోలపాటలా వినిపించదు, లెక్కంతా తలకిందులు చేసినట్టు వినిపిస్తుంది.

నా వాదం ఇది. సంశయానికీ పసిబిడ్డ విశ్వాసానికీ మధ్య అడ్డుగోడ చాలాసార్లు ఆధారాల కొరతతో కట్టింది కాదు, స్థానం పోతుందన్న భయంతో కట్టింది. తెలుగు నేల మీద దీనికి మంచి సాక్ష్యం మచిలీపట్నంలో ఉంది. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ పాఠశాల తెరిచాడు. అగ్రవర్ణాల కుర్రవాళ్లకు ఇంగ్లిషు, గణితం, దాంతోపాటు బైబిలు, వాదోపవాదాలు. తర్కంతో క్రైస్తవాన్ని నిరూపించవచ్చన్న నమ్మకం మీద నడిచిన బడి అది. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత, 1852లో, మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, అయినాల భూషణం అనే వెలమ విద్యార్థి బాప్తిస్మం తీసుకున్నారు. మర్నాటికి బడి దాదాపు ఖాళీ అయింది. ఊరు అట్టుడికింది. గమనించండి: తొమ్మిదేళ్లపాటు అదే బైబిలు పాఠాన్ని ఊరు సహించింది. వాదన విన్నంతసేపూ ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరు కుర్రవాళ్లు కులం పీట దిగిన రోజే గొడవ మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1850లో, మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోకూడదని కంపెనీ ప్రభుత్వం చట్టం తేవాల్సి వచ్చింది. చట్టమే కావలసి వచ్చిందంటే మారినవాడికి ఏం పోయేదో ఊహించుకోవచ్చు: ఇల్లు, ఆస్తి, పంక్తి, చివరికి కొరివి పెట్టే హక్కు. ‘నాకు ఇంకా సందేహాలున్నాయి’ అన్న మాట వెనుక ఆ కుర్రవాళ్ల సహాధ్యాయుల్లో ఎందరికి నిజంగా సందేహాలున్నాయో, ఎందరికి ఆస్తి ఉందో ఇప్పుడు విడదీయలేం.

ఒంగోలు వైపు కథ ఇంకోలా నడిచింది. మిషనరీ జాన్ క్లౌ దగ్గర 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోలుపని చేసే మాదిగ. అమాయకుడు కాబట్టి నమ్మాడనుకుంటే పొరపాటు. అంతకుముందే రాజయోగ గురువులను ఆశ్రయించి, సత్యం కోసం వెతికినవాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకం నిండా చెప్పులు కుడుతూ తత్త్వం చర్చించుకున్న ఇలాంటి మనుషులే. వాళ్లకు వదులుకోవడానికి పీట లేదు, అందుకే చేరువయ్యారు. వాళ్లు వస్తే మేము రామని ఒంగోలు పెద్దకులాలవాళ్లు పెట్టిన షరతుకు క్లౌ తలొగ్గలేదు. ఇక కరువు వచ్చింది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఇలాంటి సాయాన్ని చూపించే ‘గంజి క్రైస్తవులు’ అని ఎత్తిపొడుస్తారు, ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. సందేహం న్యాయమైనదే, సమాధానమూ సూటిగా ఉంది. పని జరుగుతున్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మం ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. కూలి ఆగిపోయాకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ తర్వాత వాళ్లకు దక్కినదేమిటి? చచ్చిన పశువు మాంసం తినరాదు, ఆదివారం పనికి పోరాదు, విగ్రహాలకు మొక్కరాదు అన్నవి క్లౌ పెట్టిన మూడు నియమాలు. ఆ మూడూ ఊరి ఆసాములకు కోపం తెప్పించేవే. జాతరకు డప్పు కొట్టం అని చెప్పినవాడికి ఊళ్లో ఏం జరుగుతుందో పల్లె తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

లాభం కోసమే నమ్మారన్న వాదాన్ని ఇప్పటి చట్టమే పూర్వపక్షం చేస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. తమిళనాట అయితే మతం మారిన దళితుణ్ణి వెనుకబడిన తరగతుల జాబితాలో వేస్తారు. అంటే ధర్మపురిలో ఒక దళిత యువకుడు బాప్తిస్మం తీసుకుని సర్టిఫికెట్టులో ఆ సంగతి రాయించుకుంటే రిజర్వేషన్లో నష్టపోతాడు, అట్రాసిటీ చట్టం రక్షణా పోతుంది. 2012 నవంబర్‌లో ఇదే జిల్లాలో ఒక కులాంతర వివాహం సాకుగా నత్తం కాలనీ సహా మూడు దళితవాడల్లో రెండు వందలకు పైగా ఇళ్లు తగలబెట్టారు. ఆ రక్షణ విలువ ఎంతో ఇక్కడివాళ్లకు లెక్కగట్టి చెప్పాల్సిన పని లేదు. కాబట్టే చాలామంది ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరుతో బతుకుతున్నారు. కపటమని వేలెత్తి చూపేవాళ్లు, ఆ కపటానికి ధర నిర్ణయించింది ఎవరో కూడా చెప్పాలి.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదం కుంటుతుంది. సంశయవాది అహంకారి, పీట దిగలేనివాడు అని తేల్చేయడం వాదన కిందకు రాదు, నింద అవుతుంది. తెలుగునాట నాస్తికోద్యమం నడిపిన గోరానే తీసుకోండి. నాస్తికుడైనందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. సహపంక్తి భోజనాలు నడిపారు. కూతురిని దళిత యువకుడికి ఇచ్చి చేయాలనుకుంటే గాంధీజీ సేవాగ్రామంలో జరిపిస్తానన్నారు. గాంధీజీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది. పీట దిగడంలో గోరా మన చర్చి పెద్దల్లో చాలామంది కంటే నాలుగు మెట్లు కిందికి వెళ్లారు. మరోవైపు తిరుచిరాపల్లి మేలపుదూర్ కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులకూ మిగతావారి సమాధులకూ మధ్య గోడ కట్టారు. బిడ్డను మధ్యలో నిలబెట్టిన బోధకుడి పేరు చెప్పుకునేవాళ్లు కట్టిన గోడ అది. దీనికి నా దగ్గర తియ్యటి సర్దుబాటు ఏదీ లేదు. ఆ సన్నివేశంలోనే యేసు పెట్టిన పరీక్ష ఉంది: ఇలాంటి బిడ్డను చేర్చుకున్నవాడే నన్ను చేర్చుకున్నాడని. ఆ పరీక్షలో గోడ కట్టినవాళ్లు తప్పారు, గోరా నెగ్గారు. విశ్వాసి ఈ మాట అనడానికి జంకకూడదు.

అయితే గోరా మరో మాట కూడా అన్నారు: దైవభక్తి మనిషిలో బానిస స్వభావాన్ని పెంచుతుందని. ఇక్కడ ఆయనతో విభేదిస్తాను. పేరయ్య తరం చూపించింది దీనికి విరుద్ధం. పరలోకంలో తండ్రి ఉన్నాడని నమ్మినవాళ్లే ఊరి దొరకు దండం పెట్టడం మానేశారు. బిడ్డ ఆధారపడతాడు, నిజమే. కానీ ఒకరి బిడ్డనని తెలిసినవాడు మరెవరికీ బంటు కానక్కర్లేదని అనుకోవడానికి అంతకన్నా బలమైన కారణం దొరకదు. పీట దిగడం గోరాకూ తెలుసు. దిగినచోట ఒకరు ఎత్తుకుంటారన్నది విశ్వాసి అదనంగా చెప్పే సంగతి. అది నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న, దాన్ని పీట దిగినంత మాత్రాన నిరూపించినట్టు కాదు.

పసితనం పేరుతో జరిగే మోసం సంగతి కూడా చెప్పుకోవాలి. ‘నమ్మితే చాలు, మందులు అక్కర్లేదు’ అనే స్వస్థత కూటాలు, కానుక వేస్తే నూరంతలు వస్తుందనే బోధలు తమిళ, తెలుగు నేలలు రెంటిలోనూ పోస్టర్లెక్కాయి. ధర్మపురి నీళ్లు దీనికి సరైన ఉపమానం. ఈ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. చూపుకు తేటగా, నోటికి మామూలుగా ఉన్న నీళ్లే పిల్లల పళ్లను, ఎముకలను తినేశాయి. తేటగా ఉన్నాయి కదా అని తాగడం విశ్వాసం అనిపించుకోదు. పరీక్ష చేశారు, కారణం పట్టారు, జపాన్ సాయంతో హొగెనక్కల్ దగ్గర కావేరి నీటిని మళ్లించే పథకం 2013లో ప్రారంభమైంది. సందేహం అక్కడ ప్రాణాలు కాపాడింది. దాహం తీరడానికి మాత్రం, పరీక్షలన్నీ అయ్యాక, గ్లాసు ఎత్తి తాగాల్సిందే. ప్రయోగశాల నివేదికతో ఎవరికీ దాహం తీరలేదు. సంశయం ఒక దశ వరకు కర్తవ్యం. ఆ దశ దాటాక కూడా గ్లాసు పట్టుకుని కూర్చోవడం తటస్థత అనిపించుకోదు. 1896లో విలియం జేమ్స్ క్లిఫర్డ్‌కు ఇచ్చిన జవాబు సారాంశం కూడా దాదాపు ఇదే. కొన్ని ప్రశ్నల్లో నిర్ణయించకపోవడమూ ఒక నిర్ణయమేనన్నాడు. ఫ్రెంచి తత్వవేత్త పాల్ రికర్ 1960లో దీన్నే మరోలా చెప్పాడు: విమర్శ అనే ఎడారి దాటాక మనిషి చేరుకోగల రెండో అమాయకత్వం ఉంటుందని. పసివాడి మొదటి అమాయకత్వం పోతే తిరిగి రాదు. సువార్త అడిగేది రెండోదాన్ని.

తమిళనాడుకు ఆ రెండో అమాయకత్వం కొత్తదేమీ కాదు. చెన్నై పరంగిమలై, శాంథోమ్ మోసే పేరు తోమాది. ఆయన ఇక్కడికి వచ్చాడన్నది సంప్రదాయం, చరిత్రకారులందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా లేకున్నా, ఈ ప్రాంతపు క్రైస్తవులు తమ మూలపురుషుడిగా ఎంచుకున్నది గాయంలో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్న శిష్యుణ్ణే. యోహాను రాసిన దాని ప్రకారం ఆయన్ను ఎవరూ వెలివేయలేదు. సందేహిస్తూనే వారంపాటు మిగతా శిష్యులతో ఉన్నాడు, అడిగిన ఆధారం ఆయన ముందుకు వచ్చింది. తర్వాత ఆయన వేలు పెట్టి చూశాడని యోహాను రాయలేదు. ఈ ఘట్టంలో నాకు ముఖ్యంగా తోచేది ఆ వారం రోజులు. గుంపులోనే ఉన్న సంశయవాదిని భరించే ఓపిక ఇవాళ మన సంఘాల్లో ఎంత ఉందన్నది అనుమానమే. ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణి ‘సాతాను శోధన’ అని నోరు మూయించే దైవజనులు, తోమా పేరు పెట్టుకున్న మందిరాల్లోనూ ఉన్నారు.

పూర్తి నిశ్చయం వచ్చాకే అడుగు వేస్తానని ఆగిపోయినవాళ్ల కోసం మార్కు తొమ్మిదో అధ్యాయం వరుసగా చదివితే బాగుంటుంది. ముందు ఒక తండ్రి వస్తాడు, మూర్ఛరోగం ఉన్న కొడుకుతో. నమ్ముతున్నాను గాని నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అంటాడు. సగం నమ్మకమే, అదీ కన్నీళ్లతో. మిగతా సగం పూర్తి చేసుకుని రమ్మని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. బిడ్డను బాగుచేసి చేయిపట్టి లేపాడు. ఆ తర్వాత కొద్ది వచనాలకే శిష్యులు దారిలో తమలో ఎవడు గొప్పవాడని వాదించుకుంటూ కనిపిస్తారు. వాళ్ల వాదన సందేహాల గురించి కాదు. యేసు బిడ్డను మధ్యలో నిలబెట్టి ఎత్తుకున్నది ఆ వాదన చేసినవాళ్ల ముందే.